వేసవిలో ఏసీ: ఎంత మీద, ఏ వేళకు, ఎన్ని గదుల్లో? పీక్ లోడ్ తగ్గించే ఇంటి లెక్క

ఏప్రిల్ సగానికొచ్చేసరికి మన కాలనీల్లో ఫ్యూజులు ఎక్కువగా పోయేది మిట్టమధ్యాహ్నం కాదు, రాత్రి తొమ్మిదిన్నరకూ పదకొండుకూ మధ్య. అన్నాలు తిని, టీవీ కట్టేసి, వీధి వీధంతా ఒకేసారి పడకగదుల్లోకి వెళ్లి ఏసీ రిమోట్ నొక్కే వేళ అది. లైన్‌మన్‌ను అడగండి, ఆ నెలన్నర అతనికి రాత్రి నిద్ర ఉండదు.

బిల్లు యూనిట్లు లెక్కపెడుతుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు యూనిట్లతో పనిలేదు, ఈ నిమిషంలో నా మీద ఎన్ని కిలోవాట్లు పడ్డాయన్నదే దాని బాధ. ఒక ఏసీ ఎనిమిది గంటలు నెమ్మదిగా నడిచినా, నాలుగు ఏసీలు రెండు గంటలు నడిచినా బిల్లులో యూనిట్లు సమానమే కావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం రెండోది నాలుగింతల బరువు. ఏసీ పొదుపు గురించి వచ్చే సలహాలన్నీ మొదటి లెక్క చుట్టూనే తిరుగుతాయి. ఇక్కడ రెండో లెక్క కూడా చూద్దాం. రెండూ కలిసే చోట్లు చాలా ఉన్నాయి, కలవని చోటు కూడా ఒకటుంది.

పీక్ ఎక్కడ పుడుతుంది?

దేశం మొత్తం మీద 2024 మే 30న గరిష్ఠ డిమాండ్, అంటే పీక్, రెండున్నర లక్షల మెగావాట్లకు చేరింది. అలాంటి రికార్డులు సాధారణంగా మధ్యాహ్నం పూటే నమోదవుతాయి. ఆ వేళకు సోలార్ బాగా ఉంటుంది కాబట్టి ఎలాగో గట్టెక్కుతుంది. చిక్కంతా పొద్దుగూకాక. సోలార్ పడిపోతుంది, ఏసీలు పడిపోవు. మన శ్రీశైలం, నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రాలు బటన్ నొక్కినంత వేగంగా అందుకోగలవు కానీ ఏప్రిల్, మే నెలల్లో జలాశయాల్లో నీళ్లెక్కడివి? అప్పుడు డిస్కంలు, అంటే పంపిణీ సంస్థలు, విద్యుత్ ఎక్స్ఛేంజ్‌లో కొంటాయి. అక్కడ యూనిట్ గరిష్ఠ ధర పది రూపాయలని 2023 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి కట్టడి చేసింది. వేసవి సాయంత్రాలు ధర ఆ గీతను తాకుతూనే ఉంటుంది. ఆ ఖర్చు చివరికి సర్దుబాటు చార్జీల రూపంలో మన బిల్లులోకే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు యూనిట్‌కు నలభై పైసల వరకూ వచ్చే ఆ లైను బాగా పరిచయమే.

తెలంగాణది ఇంకో తమాషా. రాష్ట్రం మొత్తం పీక్ మార్చిలోనే వస్తుంది, యాసంగి వరికి బోరు మోటార్లన్నీ నడిచే రోజుల్లో. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. హైదరాబాద్ నగరం పీక్ మాత్రం ఏప్రిల్, మేలలో, అచ్చంగా ఏసీల పీక్. కాబట్టి రాష్ట్రంలో కరెంటు మిగులు ఉన్న రోజున కూడా మీ వీధిలో ఫ్యూజు పోవచ్చు. కొరత కరెంటుకు కాదు, మీ ఇంటిదాకా తెచ్చే తీగకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ.

ఒక 100 కేవీఏ, అంటే వంద కిలోవాట్లకు మించి మోయలేని, ట్రాన్స్‌ఫార్మర్ కింద నలభై ఇళ్లున్నాయనుకోండి. ఇంటికి ఒక్క ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తి జోరులో నడిస్తే సుమారు 60 కిలోవాట్లు. ఇంటికి రెండైతే 120. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు ఇంకా లెక్కలోకే రాలేదు. రెండో ఏసీ ఎప్పుడు వేస్తున్నామన్న ఒక్క ప్రశ్న మీదే ఆ వీధి నిద్ర ఆధారపడి ఉంది.

మొదటి పని: లోడ్ ఎంతో మీటర్‌నే అడగండి

ఏ యాప్ అక్కర్లేదు. మీ ఎలక్ట్రానిక్ మీటర్ మీద మిణుకుమిణుకుమనే చిన్న ఎర్ర దీపం ఉంటుంది. దాని పక్కనే 1600 అనో 3200 అనో అంకె, యూనిట్‌కు ఎన్ని మిణుకులో చెప్పేది, అచ్చువేసి ఉంటుంది. ఇంట్లో అన్నీ కట్టేసి, ఫ్రిజ్ కూడా ఓ పది నిమిషాలు ఆపి, ఒక్క ఏసీ వేయండి. పావుగంట ఆగి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టుకుని మిణుకులు లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 60తో గుణించి, మీటర్ మీది అంకెతో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 1600 మీటర్ మీద నిమిషానికి 40 మిణుకులు వచ్చాయంటే, 40 ఇంటూ 60 బై 1600, అంటే ఒకటిన్నర కిలోవాట్. అదే మీటర్ మీద మామూలు సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి రెండు మిణుకులు. ఈ తేడా ఒకసారి కళ్లతో చూస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదే లెక్క మూడుసార్లు చేయండి: ఏసీ వేసిన పావుగంటకు, గది చల్లబడ్డాక, తర్వాత సెట్టింగ్ రెండు డిగ్రీలు పెంచి పది నిమిషాలకు. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ అయితే మూడు అంకెలూ బాగా వేరుగా వస్తాయి. పాత ఫిక్స్‌డ్ స్పీడ్ మెషీన్ అయితే కంప్రెసర్ నడిచినంతసేపూ ఒకే అంకె, ఆగినప్పుడు దాదాపు సున్నా. మీ ఇంట్లో ఉన్నది ఏ జాతిదో దీంతో తేలిపోతుంది. ముందు ముందు చెప్పే చిట్కాల్లో కొన్ని ఒకదానికే పనిచేస్తాయి కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండాలి.

మీటర్ దగ్గర ఉండగానే బిల్లు కూడా తీయండి. కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతని రాసుందో, ఆర్‌ఎండీ అని ఎంత నమోదైందో చూడండి. ఆ నెలలో మీ ఇల్లు ఒక్కసారిగా లాగిన గరిష్ఠ లోడ్ ఆ రెండో అంకె. పదిహేనేళ్ల కింద రెండు కిలోవాట్లకు కనెక్షన్ తీసుకుని, ఇప్పుడు మూడు ఏసీలు నడిపే ఇళ్లు కొల్లలు. కాగితం మీద మీ వీధి లోడ్ ఎంతుంటే అంతకు తగ్గ ట్రాన్స్‌ఫార్మరే అక్కడుంటుంది. దీని సంగతి చివర్లో మళ్లీ చూద్దాం.

రెండో పని: మెషీన్‌కంటే ముందు గదిని చూడండి

డాబా ఇంట్లో పైఅంతస్తులో ఉన్నవాళ్లకు శత్రువు సూర్యుడు కాదు, స్లాబు. పగలంతా మింగిన వేడిని పొద్దుగూకాక గదిలోకి వదులుతుంది. బయట గాలి చల్లబడుతున్నా రాత్రి తొమ్మిదింటికి పైకప్పు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అందుకే. ఏసీ ఆ వేళకు గదిలో గాలినే కాదు, స్లాబునూ చల్లబరచాలి. కుదిరే పని కాదు గానీ, ప్రయత్నంలో కంప్రెసర్ రెండు మూడు గంటలు ఆగకుండా తిరుగుతుంది. సరిగ్గా వీధి పీక్ వేళకే.

అందుకే మీరు పెట్టే మొదటి రూపాయి కప్పు మీద పెట్టండి. తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేస్తే గదిలో రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తేడా కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 నుంచి 2028 దాకా అని కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. డబ్బుల్లేకపోతే సున్నం పూయండి, పట్టుండడానికి కాస్త జిగురు కలిపి. వానలకు పోతుంది, వచ్చే మార్చిలో మళ్లీ పూయాలి. అయినా మంచిదే. దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగిన తెలుపు సగం పనే చేస్తుంది కాబట్టి వేసవిలో అప్పుడప్పుడు కప్పు కడగాలి. సాయంత్రం కప్పు మీద నీళ్లు చల్లడం పాత అలవాటు. పనిచేస్తుంది కానీ మే నెలలో ట్యాంకర్ కొనుక్కునే హైదరాబాద్‌లో ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రావడం లేదు.

పడమటి కిటికీకి లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, ఎండ అద్దం దాటి లోపలికొచ్చేశాక ఆపినట్టే. ఆపాల్సింది బయట. వెదురు తడిక గానీ, గ్రీన్ నెట్ గానీ, చిన్న షేడ్ గానీ అద్దానికి అవతల ఉండాలి.

తలుపు కింద సందు, కిటికీ స్లైడింగ్ అంచులు, పాత విండో ఏసీ తీసేసిన చోట అట్టముక్కతో మూసిన కన్నం చూసుకోండి. వీటికి రబ్బరు సీల్ స్ట్రిప్ చాలు. అటాచ్‌డ్ బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడుస్తూ ఉంటే చల్లగాలి మొత్తాన్ని అదే బయటికి తోసేస్తుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

గది ఎంత బిగుతుగా ఉందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గదిని 25 డిగ్రీలకు తెచ్చి ఏసీ ఆపేయండి. మందుల షాపులో దొరికే చిన్న డిజిటల్ రూమ్ థర్మామీటర్‌ను ఎదురు గోడకు పెట్టండి. 27కు చేరడానికి అరగంట పైనే పట్టిందంటే గది బాగున్నట్టు. పది నిమిషాల్లో చేరిందంటే సందులో, స్లాబో. రెంటిలో ఏదో కనుక్కోకుండా ఏసీని తిట్టి లాభం లేదు.

మూడో పని: మెషీన్

ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగాలి. రోడ్డు పక్క ఇల్లయితే వారానికోసారి. ఇది మెకానిక్ పని కాదు, మూత ఎత్తితే చేతికొచ్చేస్తుంది.

బయటి యూనిట్ విషయం ఇంకాస్త చూడాలి. అపార్ట్‌మెంట్లలో దాన్ని యుటిలిటీ బాల్కనీలో పెట్టి, పక్కనే వాషింగ్ మెషీన్, బట్టల స్టాండు, ముందు గ్రిల్‌కు దోమల జాలీ. అది వదిలిన వేడిగాలి బయటికి పోక మళ్లీ దానికే చుట్టుకుంటుంది. బయట 42 ఉన్న రోజున ఆ మూలలో ఇంకా ఎక్కువ ఉంటుంది. అదే చల్లదనానికి మెషీన్ మరింత కరెంటు లాగాలి. ముందు కొన్ని అడుగుల మేర ఖాళీ ఉంచండి, వెనుక జానెడు. నీడ ఉంటే మంచిదే గానీ, నీడ కోసం మూడు వైపులా మూసేస్తే ఉన్నదీ పోతుంది.

మెకానిక్ వచ్చి ప్రతి ఏడూ గ్యాస్ నింపాలంటే నమ్మకండి. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు, పైపులో తిరుగుతూ ఉండేదే. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు వెతికి మూయకుండా నింపితే వచ్చే ఏడు మళ్లీ అదే బిల్లు. అసలు తగ్గిందో లేదో మీరే చూసుకోవచ్చు. ఏసీ పావుగంట నడిచాక లోపలి యూనిట్ పైన గాలి పీల్చే చోట ఒకసారి, కింద వదిలే చోట ఒకసారి అదే థర్మామీటర్ పెట్టండి. కంప్రెసర్ గట్టిగా నడుస్తున్నప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే మెషీన్ బాగున్నట్టే. నాలుగైదే ఉంటే పిలవండి.

నాలుగో పని: ఎంత మీద పెట్టాలి?

స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల మీద మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క ప్రకారం సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. 22 నుంచి 26కు వస్తే అయిదో వంతుకు పైనే.

18 మీద పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది గట్టి భ్రమ. ఫిక్స్‌డ్ స్పీడ్ మెషీన్‌కు ఉన్నది ఒకటే వేగం. ఇన్వర్టర్ కూడా వేడి గదిలో 24 మీద పెట్టినా మొదట పూర్తి జోరులోనే పరుగెత్తుతుంది. 18 పెట్టడం వల్ల జరిగేదల్లా ఆగాల్సిన చోట ఆగకపోవడం. నడివేసవిలో బయటి వేడికి అది 18కి ఎటూ చేరదు కాబట్టి తెల్లవార్లూ పూర్తి లోడ్ లాగుతూనే ఉంటుంది. ఒక ఇంట్లో 18 మీద ఉన్న ఏసీ, పీక్ లెక్కలో పక్కింటి రెండు ఏసీలతో సమానం.

26 లేదా 27, పైన సీలింగ్ ఫ్యాన్ రెండో నంబరు మీద. ఇదే నేను చెప్పే సెట్టింగ్. ఫ్యాన్ గాలి ఒంటికి తగిలితే రెండు డిగ్రీలు తక్కువున్నట్టే ఉంటుంది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ అయితే 30 దగ్గర. ఏసీ వేశాం కదా అని ఫ్యాన్ ఆపేసేవాళ్లు 75 వాట్లు మిగిల్చి, సెట్టింగ్ తగ్గించి కొన్ని వందల వాట్లు పోగొట్టుకుంటున్నారు.

అయితే ఈ అంకె అన్ని ఊళ్లకూ ఒకటి కాదు. హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు, అనంతపురంలో ఏప్రిల్ గాలి పొడిగాలి. 27, 28 మీద కూడా హాయిగానే ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో అసలు బాధ ఉక్కపోత. అక్కడ 28 మీద పెడితే కంప్రెసర్ ఎక్కువసేపు ఆగిపోయి, తేమ లాగడం మానేస్తుంది, దుప్పటి తడితడిగా అనిపిస్తుంది. కోస్తాలో 25, 26 దగ్గర ఉండి, ఏసీ ఫ్యాన్ వేగం తక్కువ మీద పెట్టండి. వేడి తగ్గి ఉక్క మాత్రమే ఉన్న రాత్రుల్లో డ్రై మోడ్ ప్రయత్నించండి.

పొడిగాలి ఊళ్లవాళ్లకు కూలర్ అనే వరం ఉంది. ఏసీ లాగేదానిలో పదో వంతుతో హాలంతా చల్లబరుస్తుంది. సాయంత్రం అందరూ హాల్లో కూర్చునే వేళకు కూలర్, పడుకునే గదికి మాత్రమే ఏసీ అని పంచుకుంటే పీక్‌లో ఒక ఏసీ మొత్తంగా తగ్గిపోతుంది. కాకపోతే కూలర్ ఉన్న చోట కిటికీ తెరిచి ఉండాలి. మూసిన గదిలో కూలరూ ఏసీ రెండూ వేసేవాళ్లను చూశాను. ఒకటి గాలిలోకి తేమ ఎక్కిస్తూ ఉంటే, రెండోది డబ్బులు పోసి ఆ తేమను దింపుతూ ఉంటుంది.

ఇంట్లో నెలల పిల్లలు, పెద్దవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉంటే పొదుపు వాళ్ల గదిలో మొదలుపెట్టకండి. రోహిణి కార్తెలో వడదెబ్బ మాటలు కాదు. మిగతా గదుల్లో తగ్గించండి.

అయిదో పని: గడియారం

ఈ గైడ్‌లో అసలు సంగతి ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ఏసీ ఎక్కువ లాగేది వేడెక్కిన గదిని కిందికి దించే మొదటి అరగంట, ముప్పావుగంట. ఆ తర్వాత నిలబెట్టడానికి అందులో సగమో, అంతకన్నా తక్కువో చాలు. వీధిలో అందరి మొదటి అరగంటా ఒకే అరగంట కావడమే పీక్. కాబట్టి చేయాల్సినవి రెండు. మొదటి అరగంటను చిన్నది చేయడం, దాన్ని పదింటి నుంచి పక్కకు జరపడం.

చిన్నది చేయడం ఇలా. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పడకగది కిటికీలు బార్లా తెరిచి, ఫ్యాన్ పూర్తి వేగం మీద పెట్టి, బాత్రూం ఎగ్జాస్ట్ కూడా వేసి పావుగంట వదిలేయండి. పైఅంతస్తు గదిలో ఆ వేళకు 36 ఉంటే బయట 32, 33 ఉండొచ్చు. ఆ తేడా ఊరికే వచ్చేది. దోమలకు జాలీ ఉండాలి. తర్వాత అన్నీ మూసి ఏసీ వేయండి. కోస్తాలో బయట ఉక్కగా ఉన్న రోజు ఈ పని చేయకండి, తేమ లోపలికొస్తుంది.

ఇన్వర్టర్ ఏసీల రిమోట్ మీద ఈ మధ్య కన్వర్టిబుల్ అనో, 80, 60, 40 శాతం అనో బటన్ ఉంటోంది. దుకాణంలో దాన్ని గొప్పగా చెప్పి అమ్ముతారు, ఇంటికొచ్చాక ఎవరూ నొక్కరు. పీక్ తగ్గించడానికి అంతకంటే మంచి బటన్ లేదు. మెషీన్ ఇంతకు మించి లాగకుండా పై హద్దు పెడుతుంది. తొమ్మిదింటి నుంచి పదకొండున్నర దాకా 60 శాతం మీద ఉంచండి. గది చల్లబడటానికి అరగంట బదులు గంట పడుతుంది. అందుకే తొమ్మిదికే మొదలుపెట్టమంటున్నది. గదిలో ఇద్దరే అయితే తర్వాత 40 శాతం కూడా సరిపోవచ్చు. మీటర్ దగ్గరికెళ్లి మిణుకులు లెక్కపెట్టి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది.

ఫిక్స్‌డ్ స్పీడ్ మెషీన్‌కు ఈ సదుపాయం లేదు. దానికి ఉన్న మార్గం 27 మీద పెట్టడం, ఇంట్లో రెండు ఉంటే రెండూ ఒకేసారి మొదలుపెట్టకపోవడం. ఒకటి తొమ్మిదికి, అది నిలదొక్కుకున్నాక రెండోది పదికి.

ఆ రెండోది అసలు కావాలా అన్నది ఇంకో ప్రశ్న. మే నెల మూడు వారాలు పిల్లలు అమ్మానాన్నల గదిలో నేల మీద పరుపు వేసుకుని పడుకుంటే మొత్తం ఏసీ ఒకటి తగ్గింది. డిగ్రీలు, స్టార్లు, మోడ్‌లు అన్నీ కలిపినా ఇంత లోడ్ తగ్గించలేవు. అందరి ఇళ్లలో కుదరదు, టీనేజ్ పిల్లలున్న ఇళ్లలో అసలే కుదరదు. కుదిరే ఇళ్లలో మాత్రం దీన్ని మించింది లేదు.

అర్ధరాత్రి దాటాక స్లీప్ మోడ్ చాలా మెషీన్లలో గంటకో డిగ్రీ చొప్పున రెండు మూడు డిగ్రీలు పెంచుతుంది. నాలుగున్నరకు ఆఫ్ టైమర్ పెట్టండి. దక్కన్ పీఠభూమి మీద తెల్లవారుజామున బయటి గాలే బాగుంటుంది. అప్పుడు కిటికీలు తెరిచి ఏడింటిలోపు మూసేస్తే, గోడలు పట్టుకున్న ఆ చల్లదనం పదకొండు దాకా ఉపయోగపడుతుంది.

ఇక రెండు లెక్కలూ కలవని చోటు ముందే చల్లబరచడం. సోలార్ దండిగా ఉన్న మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య గదిని 24కు దించి, తలుపులు మూసి, రాత్రి 27 మీద నడిపితే గ్రిడ్‌కు మేలు. కానీ మీ యూనిట్లు తగ్గవు. మధ్యలో కారిపోయిన చల్లదనం లెక్కేస్తే కాస్త పెరుగుతాయి కూడా. వేళను బట్టి ధర లేనంతకాలం ఇది మీకు దండగే. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకూ సౌర వేళల్లో కనీసం 20 శాతం తక్కువ ధర, పీక్ వేళల్లో కనీసం 10 శాతం ఎక్కువ ధర ఉండాలంటున్నాయి. మీ ఇంటికి అది వచ్చిందో లేదో బిల్లులో వేళల వారీగా యూనిట్లు విడివిడిగా ఉన్నాయా అని చూస్తే తెలుస్తుంది. వచ్చినవాళ్లు ముందే చల్లబరచండి. పీఎం సూర్యఘర్ కింద కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్లకు, గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను వాడినవాటిలోంచి తగ్గించే నెట్ మీటరింగ్‌లో నెలాఖరున లెక్క సరిపోతుంది కాబట్టి బిల్లులో పెద్ద తేడా రాదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం వస్తుంది. గది పరీక్షలో అరగంట నిలబడిన గదికే ఇదంతా. పది నిమిషాల గదికి వద్దు.

ఆరో పని: కరెంటు పోయి వచ్చాక

ఇది చిన్న సంగతి, అందుకే అందరూ వదిలేస్తారు. రాత్రి పదింటికి ఫ్యూజు పోయింది. ముప్పావుగంటకు లైన్‌మన్ వచ్చి కొత్త తీగ వేశాడు. ఆ ముప్పావుగంటలో వీధిలోని గదులన్నీ మళ్లీ వేడెక్కాయి. కరెంటు రాగానే ఆటో రీస్టార్ట్ ఉన్న ఏసీలన్నీ, మూడు నిమిషాల ఆలస్యం తర్వాత ఒక్కసారిగా, పూర్తి జోరులో లేస్తాయి. మొదట పోయినప్పటికంటే ఎక్కువ లోడ్. అతను వీధి మలుపు తిరిగేలోపే మళ్లీ పోతుంది.

కరెంటు పోగానే ఏసీకి పెట్టిన బ్రేకర్, అంటే ఎంసీబీ, దించండి. వచ్చాక ఫ్యాన్ వేసుకుని పది, పదిహేను నిమిషాలు ఆగండి. అపార్ట్‌మెంట్ అయితే వాట్సాప్ గ్రూపులో ఒక వరస పెట్టుకోవచ్చు: సరి అంతస్తులు ముందు, బేసి అంతస్తులు పావుగంట తర్వాత. మా వైపు గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ పూలకు ఉన్న శ్రద్ధ దీనికీ వస్తే బాగుండు.

లో వోల్టేజీ ఉన్నప్పుడు కూడా ఇదే మాట. ఇన్వర్టర్ ఏసీకి కావాల్సిన వాట్లు అంతే, వోల్టేజీ తగ్గితే కరెంట్ ఎక్కువ లాగుతుంది. స్టెబిలైజర్ మీ మెషీన్‌ను కాపాడుతుంది, లైను మీద బరువును తగ్గించదు. లైట్లు మసకబారి కనిపిస్తే రెండో ఏసీ కట్టేయండి.

ఏడో పని: మిగతా మోతలు

ఇస్త్రీ పెట్టె ఒక కిలోవాట్. ఒక హెచ్‌పీ మోటారు ముప్పావు కిలోవాట్. వాషింగ్ మెషీన్, గ్రైండర్, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్, ఇవన్నీ రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య ఎందుకు? సంపు మోటారు ఉదయం పదింటికి, బట్టలు మధ్యాహ్నం, స్కూటర్ టైమర్‌తో అర్ధరాత్రి దాటాక. ఇంతే.

బిల్లు వైపు చూస్తే

ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులు మెట్లు మెట్లుగా ఉంటాయి. 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 రూపాయలు, ఆపైన 9.75. వేసవిలో ఏసీ యూనిట్లు దాదాపు అన్నీ ఈ పై మెట్ల మీదే పడతాయి. రోజుకు ఎనిమిది యూనిట్లు తాగే ఏసీని 22 నుంచి 26కు మారిస్తే నెలకు యాభై యూనిట్లు తగ్గుతాయనుకుంటే, నాలుగు వందల పైచిలుకు మిగులు.

తెలంగాణలో మెట్టు కాదు, గోడ ఉంది. సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున, మొత్తం ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్ పడగానే మొత్తం లెక్కే మారిపోతుంది. మొదటి రెండు వందలూ 5.10 చొప్పున 1,020, దానిమీద 7.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల ఏడు రూపాయలు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంటికైతే 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. రీడింగ్ తీసే తేదీకి వారం ముందు మీటర్ చూసుకుని, గోడకు దగ్గరగా ఉంటే ఆ వారం కూలర్‌తో గడిపేయండి. ఈ ఒక్క విషయంలో పిసినారితనం తప్పు కాదు.

కొత్తది కొంటుంటే

120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలు. పైఅంతస్తు, పడమటి గోడ అయితే ఒకటిన్నర. అవసరానికి మించి పెద్దది కొంటే ఫిక్స్‌డ్ స్పీడ్‌లో తరచూ ఆగి, లేచి, ఉక్క తగ్గదు. ఇన్వర్టరే కొనండి. స్టార్ల సంఖ్య కంటే లేబుల్ మీద ఉన్న ఏడాది, సీజన్ మొత్తానికి మెషీన్ సామర్థ్యం చెప్పే ఐసీర్ (ISEER) అంకె చూడండి. ప్రమాణాలు 2022 జూలైలో, మళ్లీ 2026 జనవరిలో బిగించారు. పాత స్టాకు అయిదు స్టార్లు కొత్త లెక్కలో నాలుగే కావచ్చు. లేబుల్ మీద ఉండే ఏడాది యూనిట్లు 1,600 గంటలకు వేసిన లెక్క, మీ గంటలను బట్టి సవరించుకోండి.

ఇవన్నీ చేసినా ఫ్యూజు పోతూనే ఉంటే

అప్పుడు తప్పు మీది కాదు, ట్రాన్స్‌ఫార్మర్ చాలడం లేదు. అరుపులతో కాకుండా అంకెలతో వెళ్లండి. పోయిన ప్రతిసారీ తేదీ, సమయం, ఎంతసేపటికి వచ్చిందో ఒక కాగితం మీద రాయండి. ప్రతిసారీ 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నోటిమాటగా లైన్‌మన్‌కు చెప్పినవి ఏ రికార్డులోనూ ఉండవు. పదిపదిహేను ఇళ్లవాళ్లు కలిసి సంతకాలు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉన్న నంబరు వేసి, రాత్రి పదింటికి దాని లోడ్ కొలిచి చూడమని ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్, ఆఫీసులో అర్జీ ఇవ్వండి. పగలు పదకొండింటికి కొలిస్తే అంతా బాగానే కనిపిస్తుంది, కాబట్టి వేళ తప్పకుండా రాయండి.

దాంతోపాటే మీ బిల్లులో ఆర్‌ఎండీ కాంట్రాక్టెడ్ లోడ్‌ను దాటుతుంటే అదనపు లోడ్‌కు దరఖాస్తు చేసుకోండి. కిలోవాట్‌కు ఇంత అని కట్టాలి, నిజమే. కానీ కాగితం మీద ఎనభై కిలోవాట్లు చూపిస్తూ నూట ఇరవై వాడే వీధికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఏఈ పైకి ఎస్టిమేట్ పంపాలన్నా, ఆయన చేతిలో ఆధారం ఆ కాగితమే.